మొదటి గ్లాసు

కొత్త మంచినీళ్ల ట్యాంకుకు రిబ్బను కత్తిరించిన పెద్దసారు నిండు గ్లాసు నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఈవిడ ఈ వీధి కోడలు, మా కంపెనీ కెమిస్టు. మొదటి గ్లాసు ఈవిడదే!" అన్నాడు మైకులో.

కంపెనీ మురుగు ఇంకి వీధిలోని బోర్లన్నీ పాడైతే, మాట పడకుండా కట్టించిన ట్యాంకు ఇది. ఫిల్టరు రంగూ వాసనా తీసేస్తోంది గానీ విషాన్ని అలాగే వదిలేస్తోందని పరీక్ష చేసి చెప్పింది ఆమే.

"సార్, నిన్న చెప్పాను కదా..." అంది మెల్లగా.

"తర్వాత మంచి ఫిల్టరు పెట్టిద్దాంలే. నలుగురిలో పరువు తీయకు," అన్నాడాయన, నవ్వు చెదరకుండా.

ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఒక్క గ్లాసుకే ఏమవుతుందిలే అనుకుని కళ్లు మూసుకుని తాగేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు రెండు బిందెలు నింపి పెట్టింది. ఆమె రెండూ ఎత్తి తూములో కుమ్మరించింది. "అత్తయ్యా, ఈ నీళ్లు మంచివి కావు. ముట్టుకోకండి."

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "ముందే చెప్పకపోయావా తల్లీ! అందరూ జంకుతుంటే నేనే అన్నాను. పాలలో నలుసు పడితేనే పారబోసే పిల్ల, మా కోడలే తాగాక ఇంకా భయమేంటని. పక్కింటి బాలింత కూడా పట్టుకెళ్లింది."

ఆమె చెప్పులైనా వేసుకోకుండా కుళాయి దగ్గరికి పరుగెత్తింది. వరుసలో ఉన్నవాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగారు.

"నీ పుణ్యమా అని ఇన్నాళ్లకి మంచినీళ్లు చూశాం. రామ్మా, ముందు నువ్వు పట్టుకో."