అద్దె గది

మిర్చి యార్డు గేటు ఎదురుగా ఇడ్లీ బండి పెట్టేనాటికి కోటేశ్వరికీ శాంతికీ యాభై దగ్గరపడింది. పింఛను వచ్చే ఉద్యోగాలు చేసినవాళ్లు కాదు. చూసుకునే పిల్లలు లేరు.

"ఓపిక ఉండగానే ఏదో ఒకటి చేసుకోవాలి. రేపు మూలన పడితే ఎవరు పెడతారు మనకి?" అంది కోటేశ్వరి.

శాంతి సరేనంది.

పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం నుంచి కారం పట్టించి పొట్లాలు కట్టడం. కోటేశ్వరి శుక్రవారం గుడికి వెళ్లేది, శాంతి ఆదివారం చర్చికి. ఒకరు వెళ్తే ఇంకొకరు బండి చూసుకునేవాళ్లు. మిగిలిందంతా పోస్టాఫీసులో వేశారు. ఏడేళ్లకి ఊరి చివర కాస్త స్థలం కొని, గోడలకు తామే నీళ్లు కొట్టుకుంటూ రెండు గదులు లేపారు. ఒకదాంట్లో తాము ఉన్నారు. రెండోది అద్దెకిచ్చారు.

"అక్కా, మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగాడు హమాలీ మీరా హుస్సేన్ ఒకసారి.

"తోడు," అంది శాంతి, ఇడ్లీ రేకులు దించుతూ.

2005 ఎండాకాలంలో యార్డుకి కొత్త వాచ్‌మన్ వచ్చాడు. సంజీవరావు. ఒకప్పుడు లారీ డ్రైవరు. మొదటిరోజు బండి దాకా వచ్చి నిలబడిపోయాడు.

"ఎన్ని?" అంది కోటేశ్వరి.

"నాలుగు."

తిన్నాడు. డబ్బులిచ్చాడు. వెళ్లాడు. ఆ తర్వాత రోజూ అంతే.

ఏడాది తిరక్కుండానే, ఒక పొద్దున అతను ప్లేటు పట్టుకుని జనం పల్చబడేదాకా ఆగాడు.

"చూపు ఆనటం లేదని పనిలోంచి తీసేశారు. వెనకేసుకున్నదేం లేదు. మీ రెండో గది..."

"అద్దెకిచ్చాం," అంది కోటేశ్వరి.

"పోనీ వరండాలో పడుంటా. గిన్నెలు తోమమన్నా తోముతా."

కోటేశ్వరి గుడ్డతో బండి తుడుస్తూనే ఉంది.

"ఇప్పటికే మోకాళ్లు పనిచెయ్యటం లేదు. బండి లాగలేని రోజున ఆ అద్దే మాకు అన్నం. మూడో మనిషికి చాలదండి."

ఆ గొంతులో కోపం లేదు. జాలీ లేదు. ఇడ్లీలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

అతను శాంతి వైపు తిరిగాడు. లోపల ఏమైనా కదులుతుందేమోనని శాంతి కాసేపు ఆగి చూసుకుంది. ఏమీ కదల్లేదు.

"చట్నీ వెయ్యనా?" అంది.

"వద్దు."

వినుకొండలో కోటేశ్వరి మెడలోనూ, ఆమెకు తెలియకుండా మంగళగిరిలో శాంతి మెడలోనూ తాళి కట్టిన ఆ చేతులతోనే సంజీవరావు తన ప్లేటు కడిగి బోర్లించి, బస్టాండు వైపు నడిచాడు.