పోని ఫ్యూజు

ఆ రోజు ఆ ఫ్యూజు ఎందుకు పోలేదు?

నాగూర్ వలిని ఏళ్ల తరబడి తొలుస్తున్న అనుమానం ఇదొక్కటే. లక్ష్మీనరసింహం మాస్టారి కారుకు సరైన ఫ్యూజు తన చేత్తోనే వేశాడు. వైర్లు ఎక్కడ కలిసినా ముందు పోవాల్సింది అదే. అది పోతే కరెంటు ఆగుతుంది, కారు బతుకుతుంది. కానీ ఆ మర్నాడే ఒంగోలు వెళ్తుంటే, చిలకలూరిపేట దాటాక కారు తగలబడింది. మాస్టారు బయటికి రాలేకపోయారు.

ఆ కారును చివరిసారి బాగుచేసింది వలి. జనానికి అంతే చాలింది. గుంటూరులో షాపు మూతపడింది. ఇప్పుడు పెదకాకాని దగ్గర రేకుల షెడ్డులో ఆటోల పని చేసుకుంటున్నాడు. కారు తెచ్చేవాళ్లు లేరు.

ఆ సోమవారం షెడ్డు ముందు ఒక తెల్ల కారు ఆగింది.

“హారన్ మోగట్లేదండీ,” అంది దిగిన అమ్మాయి. “ఫ్యూజు వెయ్యడం, పోవడం. రోడ్డు నిండా మిర్చి లారీలు. ఇంటికెలా వెళ్లను?”

వెనక సీట్లోంచి తల్లి తొంగిచూసింది. మాస్టారి భార్య బాలత్రిపురసుందరి. వలిని చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది.

“మనోజ్ఞా, ఎక్కవే. ఇంకో షాపు చూద్దాం.”

“ఏమైందమ్మా?”

“మీ నాన్నను పొట్టన పెట్టుకున్నది ఇతనే.”

మనోజ్ఞ నిలబడిపోయింది.

“అమ్మగారూ, నేను షాపు పెడితే మొదటి బేరం మాస్టారిదే,” అన్నాడు వలి. “ఆయన బండికి తప్పుడు పని చేస్తానా?”

“చేశావో లేదో శివయ్యకే తెలియాలి.”

“ఆయన దిగొచ్చి చెప్పడుగా. మీరు చెబితే నలుగురూ నమ్ముతారు. వలి తప్పు లేదని ఒక్క మాట. అది మీరు నాకు బాకీనే అనుకుంటాను.”

“బాకీనా! బాగుంది వరస. మనిషిని పోగొట్టుకున్నదాన్ని నేను, బాకీ కూడా నాదేనా?”

“అమ్మా, ఇక చాలు,” అంది మనోజ్ఞ. “హారన్ సంగతి చూడండి, వలిగారూ.”

వలి డాష్‌బోర్డు కింద దూరాడు. పైన చిన్న శివలింగం. దాని ముందు ఆరిపోయిన బుల్లి దీపం.

“ఈ దీపం ఎప్పుడు పెట్టించారమ్మా?”

“వాహన పూజ రోజున. స్వామి ముందు చీకటి ఉండకూడదంటుంది అమ్మ.”

“హారన్ వైరులోంచి దీనికి కరెంటు లాగారు. ఆ తీగ స్క్రూ కింద నలిగి ఇనుముకు తగులుతోంది. అందుకే ఫ్యూజు పోతోంది.” వలి స్క్రూ వదులు చేశాడు. “తీగ మార్చాలి.”

“పెద్ద ఫ్యూజు వేస్తే ఆగదా?”

“ఆగుద్దమ్మా. వైర్లు కాలతాయి. ఫ్యూజు పోతే మంచిదే. పోకపోతేనే...”



“ఇప్పుడు చెప్తున్నాడు నీతులు,” అంది ఆవిడ, కిటికీ వైపు తిరిగి.

వలి కారులోంచి బయటికొచ్చాడు. కొత్త తీగ కోసం షెడ్డులోకి వెళ్లాడు.

ఆవిడ చూపు దీపం మీదే ఉంది. గుడి నుంచి వస్తూ స్వామిని చీకట్లో కూర్చోబెట్టడమేమిటి? ఈ మనిషి తీగ తెచ్చేదెప్పుడు, వేసేదెప్పుడు? ముందు సీట్లోకి మారింది. ఒళ్లోని ప్రసాదం పొట్లం విప్పి, సిల్వర్ కాగితం కొంచెం చింపింది. డాష్‌బోర్డు కింది ఫ్యూజుల డబ్బాలోంచి మాడిన ఫ్యూజు తీసి, దాని కాళ్లకు ఆ కాగితం చుట్టి, తిరిగి గుచ్చింది.

దీపం వెలిగింది. ఆవిడ కళ్లకద్దుకుంది.

“ఇది నీకెవరు నేర్పారే అమ్మా!” మనోజ్ఞ నవ్వేసింది.

తీగ చుట్టతో వచ్చిన వలి తలుపు దగ్గరే ఆగాడు.

“ఒకరు నేర్పాలా ఏమిటి, మీ నాన్న కారులో దీపం ఆరినప్పుడల్లా, ఆ వేళ ఒంగోలు బయల్దేరేటప్పుడు కూడా, నేనే ఇలా చుట్టి పెట్టాను,” అంది బాలత్రిపురసుందరి.