మామూలు పరీక్ష

“ఒంట్లో ఏదో ఒకటి బాగాలేదని చెప్పండి వెల్డన్ గారూ. ఏదైనా సరే, డబ్బు మెడికేర్ కడుతుంది,” అంది ల్యాబ్ కిటికీ వెనక కూర్చున్న టానియా.

“బాగానే ఉన్నాను,” అన్నాడు వెల్డన్.

“అదే వచ్చిన చిక్కు.”

డాక్టరు రక్తపరీక్ష చీటీ మీద ‘మామూలు పరీక్ష’ అని రాశాడు. మామూలు పరీక్షకు ముసలివాళ్ల సర్కారు బీమా ఒక్క సెంటు విదల్చదు. చీటీ మీద ఏదో ఒక బాధ పేరు కనబడితేనే కడుతుంది. అంటే బాగున్నవాడు జేబులోంచి తీయాలి, బాగాలేదన్నవాడు చేతులూపుకుంటూ వెళ్లిపోవచ్చు. అబద్ధమాడటం చేతకానివాడికి కూడా నేర్పించి పంపే ఏర్పాటు ఇది.

“చెప్పకపోతే?”

“రెండువందల నలభై డాలర్లు మీరే కడతానని సంతకం పెట్టాలి.”

వెల్డన్ పక్కన ఆయన భార్య నెడ్రా వాచిన దవడకు తడిగుడ్డ అదుముకుని నిలబడి ఉంది. ఆయన జేబులో ఉన్న డబ్బు ఆ దవడ కోసం తెచ్చిందే. ఇక్కణ్ణుంచి తిన్నగా వెళ్లి కుళ్లిన పన్ను పీకించాలి. సర్కారు లెక్కలో పళ్లు ఒంట్లో భాగం కావు కాబట్టి వాటికి సొంత డబ్బే దిక్కు. వారం నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

“నీరసంగా ఉందని చెప్పెయ్యవయ్యా. నీ సొమ్మేం పోతుంది?” అంది గుడ్డ చాటునుంచి.

“నీరసం లేదు.”

“ఏ రోగమూ లేనివాడికి పరీక్ష మాత్రం ఎందుకు? పద, పోదాం.”

“చేయించుకునే వస్తాను.”

నెడ్రాకు ఒళ్లు మండింది. పళ్లు నూరుదామంటే నొప్పి.

మూల కుర్చీలో మోచేతికి దూది నొక్కుకుని డోనట్ తింటున్న హోబర్ట్ పకపకా నవ్వాడు. బొగ్గుగనిలో వెల్డన్‌తో కలిసి పనిచేసినవాడు. చొక్కా నిండా పంచదార పొడి రాలి ఉంది.

“ఏడాదికోసారి అలసిపోతాన్రా నేను, సరిగ్గా రక్తం ఇచ్చే రోజునే. సాయంత్రానికి మళ్లీ చేపలు పట్టడానికి పోతా.”

“చెప్పుకోడానికి సిగ్గు లేదూ?”

“ఉండేదిరా. దానికి బీమా రాదన్నారు, వదిలేశా.”

టానియా మంచిపిల్ల. ఫోన్ చేసి డాక్టరు దగ్గరి నర్సును పలకరించి, వెల్డన్‌కు వినబడేలా పెట్టింది.

“నేను ఒక్కోటీ అడుగుతానండీ,” అంది నర్సు. “ఏదో ఒకదానికి ‘ఊ’ అంటే చాలు, చీటీ మార్చి పంపేస్తా. నీరసం?”

“లేదు.”

“అతిదాహం?”

“లేదు.”

“కళ్లు తిరగడం?”

“లేదన్నానా!” వెల్డన్ బల్ల మీద చేత్తో కొట్టాడు.

“నిద్ర పట్టకపోవడం?”

“నాకు పడుతుంది.”

నెడ్రా మొగుడి వంక ఒక చూపు చూసింది.

“వినమ్మా,” అన్నాడు వెల్డన్ ఫోన్‌తో. “గనిలో నా కాలు విరిగినప్పుడు కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పినవాణ్ణి. ఏ కాగితం మీదా నా పేరు పక్కన జబ్బు పేరు రాయడానికి వీల్లేదు. అబద్ధమాడి సర్కారు సొమ్ము తినే రకం కాదు నేను.”

హోబర్ట్ నోటి దగ్గరికి తీసుకెళ్లిన డోనట్ దించేశాడు. వరసలో నిలబడిన ఒక ముసలావిడ “ఇంకా ఉన్నారు ఇలాంటివాళ్లు,” అని గొణిగింది. టానియా సంతకం కాగితం ముందుకు తోసింది.

“ఇంత ఊళ్లో దేవుడు నిజాయితీని నీకొక్కడికే పెట్టాడు,” అంది నెడ్రా. “అదొచ్చి నా పన్నుకు తగులుకుంది.”

“శుక్రవారం జీతమొస్తుంది. అప్పుడు పీకిద్దాం.”

“అందాకా ఈ దవడ ఎక్కడ దాచుకోను?”

వెల్డన్ సంతకం పెట్టాడు, డబ్బు కట్టాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి సూది కిందికి చాపాడు. నెడ్రా అటు చూడలేకపోయింది. ఇన్నేళ్లు కాపురం చేశాక మొగుడి మీద ఇంత రోత పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తప్పు చేసినవాణ్ణయితే తిట్టి కసి తీర్చుకోవచ్చు. నిజం చెప్పినవాణ్ణి ఏమని తిడుతుంది?

దారిలో హోటల్ దగ్గర ఆగారు. వెల్డన్ గుడ్లూ, గ్రేవీ పోసిన మెత్తటి బిస్కెట్ రొట్టెలూ కడుపునిండా తిన్నాడు. నెడ్రా గోరువెచ్చటి కాఫీని ఒక బుగ్గతో చప్పరిస్తూ కూర్చుంది. ఆ తినడం చూస్తే ఆమెకు మరింత కంపరం పుట్టింది. రెండో ప్లేటు చెప్పేవాడే, ఆమె చూపు చూసి ఊరుకున్నాడు.

ఇంటి దగ్గర ఆమెను దించి, నొప్పి మాత్రలు చేతిలో పెట్టాడు.

“మధ్యాహ్నం డ్యూటీ ఉంది. ఇది వేసుకుని పడుకో.”

“వెళ్లు. నువ్వు నిద్రపోయే మనిషివి, నీకేం,” అని నెడ్రా తలుపు వేసేసుకుంది.

వెల్డన్ పనిచేసే చోటికి వేళకే చేరుకున్నాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు పలకరించి, ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. బాగాలేదన్నవాడికి ఆ గేటు తెరుచుకోదు.

“రాయిలా ఉన్నాను,” అన్నాడు వెల్డన్.

రోజూలాగే కళ్లు తిరగడం తగ్గేదాకా ఆగి, స్కూలు బస్సు స్టార్ట్ చేశాడు.