మోతలో మాట

"మన మాటలు ఎవరో మోస్తున్నారే," అంది పెద్దక్క.

అంది అంటే గొంతుతో కాదు. ఆ షెడ్డులో చెవి పక్కన నోరు పెట్టి అరిచినా వినపడి చావదు. పరాయి దేశంలో తువ్వాళ్ళు నేసే మిల్లు అది. పొద్దున మరమగ్గాలు మొదలయ్యాయంటే సాయంత్రం దాకా ఒకటే మోత. అందుకే అక్కడి ఆడవాళ్ళు పెదాలతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. నోరు బాగా సాగదీసి, ఒక్కో మాటా విడదీసి చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి అది పట్టుబడాలంటే నెలలు పడుతుంది.

పక్క మగ్గం దగ్గర తెగిన పోగు ముడేస్తున్న పొట్టి వదిన తలెత్తింది. ఆమె చూపుడువేలికి కట్టు. మగ్గం బెల్టు మీద మూత పెట్టించండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా పెట్టించలేదు. చివరికి ఆ బెల్టు వేలి కొస పట్టుకుపోయింది.

"ఎవరో ఏంటి, కొత్తపిల్లే," అన్నాయి వదిన పెదాలు. "దానికి పెదాల మాట రాదని ప్రతిసారీ హాస్టల్లో విడిగా చెప్తున్నాం చూడు, అదే మన తెలివితక్కువతనం. అది వచ్చాకే కదా ఈ దరిద్రమంతా!"

పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. అడిగింది ఏమంత గొంతెమ్మ కోరికని? బెల్టులకి మూతలు పెట్టించమంది. మేనేజరు బీరువాలో దాచిన పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమంది. యూనియన్ ఆవిడ కూడా ఒకటే మాట చెప్పింది. "అందరూ ఒకచోట కూర్చుని, మీ తరఫున మాట్లాడే మనిషిని ఎన్నుకోండమ్మా. మిగతాది నేను చూసుకుంటా." ఆ ఒకచోట కూర్చోవడమే కుదరడం లేదు. హాస్టలు మేడ మీద అనుకుంటే ఆ పూట మేడకి తాళం. బస్టాపు వెనక అనుకుంటే అక్కడ మేనేజరు కారు. మొన్నటికి మొన్న ముందుండి నడిపించిన బక్కమ్మని విమానం ఎక్కించి ఇంటికి పంపేశారు. ఈసారి దొరికితే ఆ విమానం ఎక్కేది పెద్దక్కే.

"ఒక పని చేద్దాం," అంది వదినతో. "ఆదివారం బట్టలుతికే షాపులో కలుద్దాం. మూటలతో వెళ్తే ఎవరికీ అనుమానం రాదు. కొత్తపిల్లకి మాత్రం పార్కని చెప్తా. మేనేజరు పార్కుకొచ్చాడా, దొంగ దొరికినట్టే."

"అయితే అందరికీ ఇక్కడే చెప్పెయ్. హాస్టల్లో గోడలకి చెవులున్నాయి."

"ఇక్కడైతే దేవుడికి కూడా వినపడదులే."

మాట ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పాకింది. షెడ్డు చివర గాజు గదిలో సూపర్‌వైజరు మేడమ్ తలుపు బిగించుకుని కూర్చుంది. ఆవిడదీ వీళ్ళ భాషే, ఆవిడా ఒకప్పుడు వీళ్ళలా పొట్ట చేత పట్టుకుని వచ్చినావిడే. కుర్చీ ఎక్కాక ఒక్క పలకరింపు లేదు. పైగా శుభ్రం పిచ్చి. అద్దం మీద దూది నుసి వాలనివ్వదు. ఊడ్చే ఆవిడ తుడిస్తే నచ్చదు, తనే గుడ్డ పట్టుకుని, కొస లేని చూపుడువేలితో మూలమూలలా రుద్దుతుంది. ఆ వేలు కారు తలుపులో నలిగిందని చెప్పుకుంటారు.

"అద్దం తుడవడానికేనమ్మా జీతం," అని మూతి తిప్పింది వదిన.

ఆ సాయంత్రం హాస్టల్లో పెద్దక్క కొత్తపిల్లని పక్కకి పిలిచింది. "ఆదివారం పార్కులో. ఎవరికీ చెప్పకు."

"ఒట్టు అక్కా, చచ్చినా చెప్పను!" ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

నటన చూడు, అనుకుంది పెద్దక్క.

ఆదివారం షాపులో మూటలు దించారో లేదో, తలుపు తోసుకుని మేనేజరు ఊడిపడ్డాడు. "ఏంటమ్మా, అందరి బట్టలూ ఒకేసారి మాశాయా?" అంటూ ముందుకొచ్చి, సబ్బునీళ్ళ మీద జర్రున జారి చతికిలబడ్డాడు. వదిన మూట విడిపోయి ఆమె లంగా ఆయన నెత్తిన పడింది. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన లేచి, పెద్దక్కని ఎగాదిగా చూసి, "నీ సంగతి రేపు చెప్తా," అన్నాడు.

వాళ్ళు హాస్టలుకి వచ్చిన చాలాసేపటికి కొత్తపిల్ల వచ్చింది, వానకి ముద్దగా తడిసి. "అక్కా, ఎవరూ రాలేదేం? మీకేమన్నా అయిందేమోనని హడలిపోయాను."

"పార్కుకి మేనేజరు వచ్చాడా?"

"కాకులు కూడా రాలేదక్కా, ఆ వానలో."

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. ఈ పిల్ల కాదు. మరెవరు? రోజూ పక్కన కూర్చుని తినే వదినని కూడా అనుమానించింది. ఛీ, ఏం బతుకిది అనిపించింది.

మర్నాడు గాజు గది వైపున్న వరసలో కొత్తపిల్ల కళ్ళు ఉబ్బి కనిపించింది. పార్కు ఎందుకన్నారో ఎవరో చెప్పేసినట్టున్నారు. పెద్దక్క ప్రాణం ఉసూరుమంది. మేనేజరు పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, వెళ్ళిపోయేలోపు ఈ పిల్లని ఒక్కసారి నవ్విస్తే చాలనుకుంది. అటు తిరిగి, మగ్గం మీద చేతులు తియ్యకుండానే, పెదాలు కదిపింది.

"నిన్న మేనేజరు జారిపడి, వదిన లంగా నెత్తినేసుకుని, కొత్త పెళ్ళికూతుర్లా కూర్చున్నాడే!"

పెదాల మాట ఇంకా రాని ఆ పిల్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తల దించుకుంది. వదినేమో వంగి పోగు వెతుక్కుంటోంది. ఇంత మంచి జోకూ దండగైపోయింది అనుకుంటూ పెద్దక్క తలెత్తింది.

గాజు వెనక మేడమ్ పడీపడీ నవ్వుతోంది.