సువా సరస్సు మీద మంచుగోడ

ఏడేళ్ల తరవాత ఆ చలికాలం సువా సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టింది. రాత్రి మంచు ఉరిమినట్టు మోగితే ఫుమియే శాలువా కప్పుకుని ఒడ్డుకు పరుగెత్తింది. వెనకే మరిది గెన్జో లాంతరు పట్టుకుని వచ్చాడు.

"ఈ ఒడ్డు దేవుడు అవతలి ఒడ్డున ఉన్న పెళ్లాం దగ్గరికి నడిచి వెళ్తున్నాడు. తొంగి చూడకూడదు వదినా!"

"మీ అన్న ఉన్నన్నాళ్లూ నా కోసం వీధి చివరికైనా రాలేదు. పెళ్లాం కోసం నడిచే మొగుడెలా ఉంటాడో చూడనీ."

దేవుడు నడిచిన దారిలో మంచు పగిలి గోడలా లేస్తుంది. ఆ గోడ ఎప్పుడూ అవతలి ఒడ్డుకే సాగుతుంది. ఈసారి వెన్నెల్లో చూస్తే సరస్సు నడుమనే ఆగిపోయి ఉంది. ఎక్కడా అలికిడి లేదు. కాసేపటికి వాళ్ల కాళ్ల దగ్గరే, మంచు కింద, ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడైంది.

గెన్జో వద్దంటున్నా ఫుమియే ఒంగి, వేలి కణుపుతో మంచు మీద తిరిగి తట్టింది.

కింద చప్పుడు ఆగింది. సరస్సు మళ్లీ ఉరిమింది. నడుమ ఆగిన గోడ పెళపెళమంటూ వాళ్ల వైపు తిరిగింది.

"వదినా, పద!" గెన్జో చెయ్యి పట్టి లాగాడు.

ఫుమియే చెయ్యి విడిపించుకుని, చెదిరిన జుట్టు సవరించుకుంది.