ఒకే ఒక్క పాఠకుడు

"నిజం చెప్పు సుసన్నా, చదువుతున్నది నువ్వే గదా?"

పప్పు కలుపుతున్న సుసన్నా గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఏం చదువుతున్న?"

"నా బ్లాగు. రోజూ ఒక్కరే తెరుస్తున్నరు. నా మీద జాలిపడి నువ్వే తెరుస్తున్నవని నా అనుమానం."

"నా ఫోన్ల బ్యాలెన్స్ అయిపోయి వారమాయె. చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టింది, మీరు ఏపియ్యకపోతిరి. మీ గురుత్వాకర్షణ నేనేడ చదువుత?"

శాంతిరాజ్ కుర్చీలో కూలబడ్డాడు. గోదావరిఖనిలో ఇరవై తొమ్మిదేళ్లుగా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్న మనిషి. ఏడాదిలో రిటైర్మెంటు. గంట కొట్టేలోపు క్లాసులో చెప్పలేనివన్నీ తేట తెలుగులో బ్లాగు రాసి పెడితే పిల్లలు ఎగబడి చదువుతారని ఆశపడ్డాడు. ఎగబడటం అటుంచి తొంగి కూడా చూడలేదు. ఇన్నేళ్లూ తను చెప్పింది ఎవరికీ పనికిరాని చదువేనా? ఆ దిగులు ఆయన్ని లోపల్నుంచి తొలిచేస్తోంది. ఇవాళ్టితో బ్లాగు మూసేద్దామని ఫోను తీశాడు.

అప్పుడు కనిపించింది మొదటి కామెంటు.

"సారూ, ఒడ్డు మీద ఎంత పెద్ద మోటరు పెట్టినా, ముప్పై అడుగులు దాటినంక బాయిల నీళ్లు గుంజుతలేదు. గట్లెందుకు? - మీ స్టూడెంటు."

శాంతిరాజ్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఇంత చక్కని ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు. బ్లాగు మూయాలన్న సంగతే మరిచిపోయి, గాలి బరువు గురించి కూర్చున్నచోటే రెండు పేజీలు రాశాడు.

వారం తిరక్కుండా ఇంకో ప్రశ్న. పైకప్పును కట్టెతో కొడితే గట్టిగా ఉన్నచోట ఒక తీరు, బోలుగా ఉన్నచోట ఒక తీరు ఎందుకు మోగుతుంది? ఆ తర్వాత, పిడుగు తాటిచెట్టునే ఎందుకు వెతుక్కుంటుంది? ఇంకో రోజు, కుక్కర్లో పప్పు అంత తొందరగా ఎలా ఉడుకుతుంది?

"చూడు సుసన్నా! రైతు అడగాల్సింది, కల్లు గీసెటోడు అడగాల్సింది, వంటింట్ల నువ్వు అడగాల్సింది, అన్నీ ఈ ఒక్కడే అడుగుతున్నడు. ఒక్క తలకాయల ఇన్ని ఎట్ల పుడుతున్నయే!"

"నేనడిగింది బ్యాలెన్స్. అది ముందు ఏపియ్యుండ్రి."

ఆయనకు వినిపిస్తేగా! అద్భుతాన్ని చూసిన పసివాడిలా ఆ ప్రశ్నలనే తలచుకుంటూ తిరిగాడు. క్లాసులో ఒక్కో ముఖాన్నీ వెతికాడు. ఫస్టు వచ్చే సహస్రను ఆపి అడిగాడు.

"నా బ్లాగుల ప్రశ్నలు అడిగేది నువ్వేనామ్మా?"

"బ్లాగా సార్? దాంట్లకెళ్లి ఎగ్జామ్‌ల వస్తయా?"

ఆ పిల్ల కాదని తేలిపోయింది. ఇంటికొచ్చి, బ్లాగు ఏ వేళకు తెరుస్తున్నారో ఓపిగ్గా వెనక్కి వెళ్లి చూశాడు. ఒక వారమంతా పొద్దున ఆరూ నలభై. మరో వారం మధ్యాహ్నం రెండూ నలభై. ఇంకో వారం రాత్రి పదీ నలభై. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాడికి అవి ఏ టైములో ఎవరూ చెప్పనక్కర్లేదు. షిఫ్టు టైములు! లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు కాబట్టి, గనిలోకి దిగే ముందు చదువుకుంటున్నాడన్నమాట. బొగ్గు తవ్వుతూ ఫిజిక్స్ చదివే పిల్లవాడు! వీణ్ని యూనివర్సిటీలో చేర్పించి రిటైరైతే చాలు, బతుక్కి అంతకంటే ఏం కావాలి?

ఆ రోజే బ్లాగులో రాశాడు. "ఎవరు నాయనా నువ్వు? ఒక్కసారి కనబడు."

మర్నాడు జవాబొచ్చింది. గని పేరు రాసి, "సోమారం పొద్దుగాల ఆరున్నర దాటినంక రాండ్రి సారూ" అని.

సోమవారం స్కూటరు మీద బయల్దేరిన శాంతిరాజ్ జేబులో యూనివర్సిటీ అప్లికేషన్ ఫారం ఉంది. తీరా వెళ్లేసరికి గని ముందు పెద్ద గుంపు. గేట్ మీటింగ్! ఇవాళే పెట్టాలా వీళ్లు? ఈ గోలలో పిల్లవాణ్ని ఎక్కడని వెతకడం? విసుక్కుంటూ సారక్క ఛాయ్ బండి దగ్గర నిలబడ్డాడు.

"ఏ యూనియనోళ్ల మీటింగక్కా?"

"యూనియన్ లేదు, పాడు లేదు! గీ షిఫ్టోళ్లు వచ్చిండ్రంటే రోజూ గింతే సారూ. గది అయిపోయేదాంక ఒక్కడు ఛాయ్ తాగరాడు. నా గిరాకి ఆగమైతుంది."

భజనో ప్రార్థనో అయ్యుంటుందనుకున్నాడు శాంతిరాజ్. గడియారం చూస్తే ఏడుకు పది నిమిషాలుంది. సైరన్ మోగితే పిల్లవాడు లోపలికి దిగిపోతాడు.

"గీళ్లల్ల చదివే పిలగాడు ఎవరన్న ఉన్నడా అక్కా?"

"చదివెటోడా? కిషన్. గా గుంపు నడుమల ఉంటడు, పోండ్రి."

శాంతిరాజ్ గుంపులోకి జొరబడ్డాడు. బూట్లు, హెల్మెట్లు, నడుములకు ల్యాంపులు. వందమందికి పైనే ఉంటారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. నెరిసిన మీసాల కార్మికుడొకాయన చెయ్యి అడ్డంపెట్టి, "జర ఆగు సారూ, ఇననియ్యి" అని కసిరాడు. శాంతిరాజ్ ఆగిపోయి తనూ చెవి ఒగ్గాడు. నడుమ ఒక కుర్రగొంతు మాట మాటా విడదీసి, బిగ్గరగా చదువుతోంది.

అది శాంతిరాజ్ నిన్న రాసిన పాఠం.