రెండు కరెంట్ల సెట్టు

"ఆ రంగుల్ని నమ్మకండి బాబూ!"

మెకానిక్ తలెత్తి చూశాడు. గుమ్మంలో ఎవరో ముసలాయన ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు.

బల్ల మీద డ్యాన్సు టీచరమ్మ పాత స్టీరియో విప్పి ఉంది. ఇన్నాళ్లూ పరాయి దేశంలో నూట పది ఓల్టుల మీద పాడింది. ఇక్కడి కరెంటు దానికి రెట్టింపు. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేస్తే, "నేను పాడిస్తానమ్మా" అని ఇతనే మాటిచ్చాడు. దానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు బజార్లో దొరకదు. అది కాలిందంటే సెట్టు వట్టి డబ్బా.

"ఏ రంగులు పెద్దాయనా?"

"ట్రాన్స్‌ఫార్మర్ తీగలవి. ఇక్కడి కరెంటు కోసం లోపలి రెండు తీగచుట్లనీ వరసగా కలుపుతున్నారు కదా! ఎరుపు మొదలు, నలుపు చివర అనుకోకండి. ఒక చుట్టుకి తారుమారయ్యాయి."

"పాతికేళ్లుగా నాకు ఎరుపే మొదలు. రంగుల్ని మానేసి మిమ్మల్ని నమ్మమంటారా?"

"నన్నూ నమ్మొద్దు. ముందు కరెంటు దారిలో ఒక బల్బు పెట్టి స్విచ్చి వెయ్యండి. బల్బు భగ్గుమంటే తప్పున్నట్టే."

"ఆ జాగ్రత్తలన్నీ కొత్తవాళ్లకి లెండి."

"అది కాదు బాబూ, అప్పట్లో..."

"అప్పటి కథలు ఇంకోసారి విందాం. పని చేసుకోనివ్వండి."

ముసలాయన వెనక్కి తిరిగాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

సలహాలకేం, ఊరికే దొరుకుతాయి అనుకుంటూ మెకానిక్ తీగలు కలిపాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు.

సెట్టు గుర్రుమంది. స్విచ్చి కట్టేసేలోగా పొగ లేచింది.

ప్లగ్గు పీకి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి ఉంది.

అంతలో టీచరమ్మ వచ్చింది. ఆ వాసనకే ఆమె మొహం వాడిపోయింది.

"తప్పు నాదేనమ్మా. ఎవరో పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. నేనే వినలేదు."

"ఇప్పుడే కింద కనిపించారు. సెట్టు మీ దగ్గరుందని నేను ఫోన్లో చెబితే, వద్దంటున్నా రెండు బస్సులు మారి వచ్చారు. 'ఒకవేళ కాలినా అతన్నేమీ అనకమ్మా' అన్నారు."

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది.

"బాధపడకండమ్మా. ఎవరి కాళ్లయినా పట్టుకుని ఇలాంటిదే ఇంకోటి చుట్టిస్తాను."

టీచరమ్మ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టింది. ఇంకా వేడిగానే ఉంది.

"ఏ దేశంలోనైనా పాడాలని దీన్ని రెండు కరెంట్లకీ సరిపోయేలా చుట్టిన చెయ్యి ఒక్కటే ఉండేదండీ. ఆ వేళ్లు పట్టు తప్పి నాలుగేళ్లయింది. నా ప్రయాణం తొందరలో రంగులు తారుమారు చేసింది తనేనని మీకు చెప్పిపోదామనే, ఇందాక ఈ మెట్లెక్కి వచ్చారు."